ఎనిమిది పేర్ల పనితనం

2023 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో రగ్బీ ప్రపంచకప్ మొదలై వారం తిరక్కముందే దక్షిణాఫ్రికా జట్టుకు గట్టి దెబ్బ తగిలింది. ప్రాక్టీసులో మాల్కమ్ మార్క్స్ మోకాలికి గాయమైంది, టోర్నీకే దూరమయ్యాడు. మార్క్స్ ఆడేది హుకర్ స్థానంలో. ఆ స్థానంలో అతనికి సాటి రాగలవాళ్లు అప్పటికి ప్రపంచంలో ఒకరిద్దరే. గాయపడినవాడికి బదులుగా ఇంకొకరిని పిలిపించుకోవచ్చు. హుకర్ పోయాడు కాబట్టి హుకర్‌నే పిలుస్తారని అందరూ అనుకున్నారు. పిలుపు అందింది హాండ్రే పొలార్డ్‌కు. అతను హుకర్ కాదు, ఆ దరిదాపుల్లో ఆడేవాడూ కాదు. పది నంబరు చొక్కా వేసుకుని వెనక నుంచి ఆట నడిపించే ఫ్లైహాఫ్. గోల్‌పోస్టుల మధ్యకు బంతి తన్నడంలో దిట్ట.

ఇది ఎంత సాహసమో తెలియాలంటే హుకర్ పని ఏమిటో చూడాలి. స్క్రమ్‌లో ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది భుజాలు కలిపి, నడుం వంచి, ఎదుటి ఎనిమిది మందిని నెడతారు. ముందు వరసలో ముగ్గురుంటారు. అటూ ఇటూ ప్రాపులు, నడుమ హుకర్. రెండు చేతులూ చెరో ప్రాపు వీపు మీదుగా వేసి, ఇద్దరి బరువునూ ఎదుటివాళ్ల బరువునూ మెడ మీద మోస్తూ, లోపలికి వచ్చిన బంతిని పాదంతో వెనక్కి లాగాలి. బంతి గీత దాటి బయటికి పోయినప్పుడు జరిగే లైనవుట్‌లో, గాల్లోకి లేపిన తనవాడి చేతికి సరిగ్గా అందేలా బంతి విసరాల్సిందీ సాధారణంగా అతనే. శిక్షణ లేనివాణ్ని అక్కడ నిలబెడితే మెడ విరిగే ప్రమాదం ఉంది. అందుకే తగిన ముందువరస ఆటగాళ్లు మిగలకపోతే, నెట్టుకోవడం లేని స్క్రమ్‌లు ఆడమని రిఫరీ ఆదేశిస్తాడు. స్క్రమ్‌లో నెట్టే బలం మీదే బతికే దక్షిణాఫ్రికాకు అది సగం ఆట పోగొట్టుకోవడమే. అలాంటి జట్టు, 33 మందిలో బోంగీ ఎంబొనాంబి ఒక్కణ్నే అసలైన హుకర్‌గా ఉంచుకుని, ఖాళీ అయిన చోటును బంతి తన్నేవాడితో నింపింది.

ఆ ప్రపంచకప్పు మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసిన పని ఇదే. రగ్బీ ఊపిరిగా బతికే దేశాల్లో మ్యాచ్‌కు రెండు మూడు రోజుల ముందు జట్టు ప్రకటన వస్తుంది. ఆ క్షణం నుంచే అభిమానులు వాదనలకు దిగుతారు. ఎవరిని తీశారు, ఎవరిని ఉంచారు, బెంచీ మీద ఎవరున్నారు అని గంటలకొద్దీ చర్చ. బయటివాళ్లకు ఇది ఉత్త కాలక్షేపంలా కనిపించవచ్చు. కానీ కోచ్‌లు రాసీ ఎరాస్మస్, జాక్ నీనాబర్ కలిసి 2018 నుంచి దక్షిణాఫ్రికా జట్టును కట్టిన తీరు చూస్తే, ఆ జాబితా దానికదే ఒక చేతిపని అని తెలుస్తుంది. ఒక్కో పేరు వెనక ఏళ్ల తరబడి చేసిన ఏర్పాటు ఉంటుంది.

బెంచీ సంగతి కొంచెం చెప్పాలి. మన దగ్గర రగ్బీ అంటే కొందరికి తెలిసింది 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్, అందులో ఆడే హైదరాబాద్ హీరోస్. అది ఏడుగురి ఆట. ప్రపంచకప్పులో ఆడేది పదిహేను మంది ఆట, 80 నిమిషాలు. ఒకటి నుంచి ఎనిమిది నంబర్లవాళ్లు ఫార్వర్డ్‌లు. స్క్రమ్, లైనవుట్, గుంపుగా తోసుకుపోయే మాల్, ఈ మోటు పనులన్నీ వాళ్లవి. తొమ్మిది నుంచి పదిహేను దాకా బ్యాక్‌లు. పరుగు, పాస్, కిక్ వాళ్ల సొత్తు. వీళ్లు కాక ఎనిమిది మంది బెంచీ మీద ఉంటారు. ఒకప్పుడు ఈ వసతే లేదు. గాయపడినవాడికి బదులు దించడానికి 1968లో అనుమతి వచ్చింది. గాయం లేకపోయినా వ్యూహం కోసం మార్చుకునే వీలు 1996లో వచ్చింది. బెంచీలోని ఎనిమిది మందిలో ముగ్గురు తప్పనిసరిగా ముందువరస ఆడగలవాళ్లై ఉండాలి. మిగిలిన ఐదు చోట్లు కోచ్ ఇష్టం. ఎక్కువ జట్లు ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు అనే లెక్కతో పోతూ వచ్చాయి. ఏ మూల గాయమైనా పూడ్చుకోవడానికి అది వీలుగా ఉంటుంది.

ఎరాస్మస్ ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చూశాడు. ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో బండలాగుడు పోటీ చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. మొదట్లో ఎడ్లు బండను ఉరుకుల మీద లాగుతాయి. గడువు దగ్గరపడే కొద్దీ ప్రతి అడుగూ భారమవుతుంది. ఆ ఆఖరి నిమిషాల్లో కాడి విప్పి కొత్త జతను కట్టే వీలుంటే ఎలా ఉంటుంది? మన పందెంలో అది కుదరదు. రగ్బీలో కుదురుతుంది. ఫార్వర్డ్ చేసే పనిలో శరీరం 50 నిమిషాలకే పిండి అవుతుంది. కాబట్టి బెంచీని గాయాలకు దాచుకున్న పొదుపుగా కాక, రెండో సగానికి అట్టిపెట్టిన రెండో సైన్యంగా చూడాలన్నది అతని ఆలోచన. జపాన్‌లో జరిగిన 2019 ప్రపంచకప్పులో ఆరుగురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు బ్యాక్‌లతో బెంచీ కట్టాడు. ఆ ఆరుగురికీ బాంబ్ స్క్వాడ్ అని పేరొచ్చింది.

అంతకు రెండు మూడేళ్ల ముందు ఆ జట్టు స్థితి ఏమిటో గుర్తు చేసుకోవాలి. 2016లో ఇటలీ చేతిలో మొదటిసారి ఓడింది. 2017 సెప్టెంబరులో న్యూజిలాండ్ గడ్డ మీద 57-0తో చిత్తయింది. 1995లో మండేలా చేతుల మీదుగా కప్పు అందుకున్న జట్టు అది. ఆ పతనం దేశం మొత్తాన్ని కలచివేసింది. ఎరాస్మస్ పగ్గాలు పట్టింది ఆ తర్వాతే. సియా కొలిసిని కెప్టెన్ చేశాడు. దక్షిణాఫ్రికా టెస్టు జట్టుకు తొలి నల్లజాతి కెప్టెన్ అతనే. ఆ నిర్ణయం గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. నేను మాత్రం ఈ వ్యాసంలో బెంచీ దగ్గరే ఉంటాను.

2019 నవంబరు 2న యొకొహామాలో ఫైనల్, ఎదురుగా ఇంగ్లాండ్. మూడో నిమిషంలోనే ఇంగ్లాండ్ ప్రాప్ కైల్ సింక్లర్ తలకు దెబ్బ తగిలి బయటికి పోయాడు. మిగిలిన సమయమంతా డాన్ కోల్ ఒక్కడే ఆ కొస మోయాల్సి వచ్చింది. తొలి సగం పూర్తికాకముందే దక్షిణాఫ్రికా కూడా ఇద్దరు ఫార్వర్డ్‌లను పోగొట్టుకుంది, ఎంబొనాంబిని, లూడ్ డి యాగర్‌ను. కానీ లోపలికి వచ్చింది ఎవరు? మాల్కమ్ మార్క్స్, ఫ్రాంకో మోస్టర్ట్. మొదటి పదిహేనులో ఉండాల్సినవాళ్లే. రెండో సగం మొదలైన కాసేపటికే ప్రాపులు ఇద్దర్నీ మార్చేశారు. కోల్ ఎదుట ఇప్పుడు తాజా శరీరం. స్క్రమ్ స్క్రమ్‌కూ ఇంగ్లాండ్ వెనక్కి జరగడం, రిఫరీ పెనాల్టీ ఇవ్వడం, పొలార్డ్ దాన్ని పాయింట్లుగా మార్చడం. 32-12తో కప్పు గెలిచారు. అందులో 22 పొలార్డ్ కాలి నుంచి వచ్చినవే.

ఏడుగురు ఫార్వర్డ్‌లు, ఒక్క బ్యాక్ అనే లెక్క 2023 ఆగస్టు 25న ట్వికెనమ్‌లో పుట్టింది. న్యూజిలాండ్‌తో సన్నాహక మ్యాచ్ అది. ఆఖరి ఘడియలో బెంచీలోని ఒక బ్యాక్ తప్పుకోవడంతో ఆ చోట ఫార్వర్డ్ క్వాగ్గా స్మిత్‌ను కూర్చోబెట్టారు. ఫలితం 35-7. న్యూజిలాండ్‌కు అప్పటిదాకా అదే అతి పెద్ద ఓటమి. ప్రత్యర్థికి తొలి సగం చివర్లోనే రెడ్ కార్డ్ పడిందన్న మాట కూడా చెప్పుకోవాలి. లేకపోతే బెంచీకి లేనిపోని గొప్ప కట్టబెట్టినట్టవుతుంది. నెల తర్వాత ఐర్లాండ్ మీద అదే ఏడు-ఒకటి లెక్కతో దిగి 13-8తో ఓడారు. ఆ రాత్రి స్క్రమ్ ఏమీ తక్కువ చెయ్యలేదు. గోల్‌కు తన్నిన బంతులు గురితప్పి 11 పాయింట్లు చేజారాయి. ఓడింది ఐదు పాయింట్లతో. మార్క్స్ స్థానంలో పొలార్డ్‌ను ఎందుకు పిలిచారని అడిగినవాళ్లందరికీ ఆ మ్యాచే జవాబు చెప్పింది.

టోర్నీ ఏర్పాటు గురించి కూడా ఆ నెలలన్నీ గట్టి వాదనే నడిచింది, న్యాయంగానే నడిచింది. 20 జట్లను నాలుగు గ్రూపులుగా విడగొట్టే డ్రా 2020 డిసెంబరులోనే తీసేశారు, అదీ ఆ ఏడాది మొదటి రోజు నాటి ర్యాంకుల మీద. మూడేళ్లలో బలాబలాలు తారుమారయ్యాయి. టోర్నీ మొదలయ్యేనాటికి మొదటి ఐదు ర్యాంకుల జట్లు, అంటే ఐర్లాండ్, దక్షిణాఫ్రికా, ఫ్రాన్స్, న్యూజిలాండ్, స్కాట్లాండ్, డ్రాలో ఒకే సగంలో ఇరుక్కున్నాయి. స్కాట్లాండ్ గ్రూపు దశలోనే పోయింది. ఐర్లాండ్, ఫ్రాన్స్ క్వార్టర్స్‌లోనే ఇంటిదారి పట్టాయి. అభిమానుల కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఎంపిక చేసేవాడికి ఈ ఏర్పాటు వాతావరణం లాంటిది. దాన్ని మార్చలేడు, దానికి తగ్గట్టు పని చేసుకోవాలి. 33 మందితో ఏడు వారాలు నెగ్గుకురావాలంటే ఒకే చోట ఆడేవాళ్లు చాలరు. రొమేనియా మీద 76-0తో గెలిచిన మ్యాచ్‌లో తొమ్మిదో నంబరు స్థానంలో ఆడే స్క్రమ్‌హాఫ్‌లను నలుగురిని ఒకే 23 మందిలో పెట్టి, వాళ్లలో గ్రాంట్ విలియమ్స్‌ను మైదానం అంచున పరుగెత్తే వింగ్‌లో ఆడించారు. చూసినవాళ్లు ఇదేం ప్రయోగమన్నారు. ఎవరు ఏ రెండో పని చెయ్యగలరో నాకౌట్ వచ్చేలోపు తేల్చుకోవడానికి అది మంచి అదను.

ఇక నాకౌట్. పనితనం విప్పి చూపించేది ఈ మూడు మ్యాచ్‌లే. ఏడు-ఒకటితో పేరు తెచ్చుకున్న జట్టు, అక్టోబరు 15న క్వార్టర్‌ఫైనల్‌లో ఫ్రాన్స్ ముందు మళ్లీ మామూలు ఐదు-మూడుకు వచ్చింది. వేగంగా ఆడే ఫ్రాన్స్‌ను మొదట మానీ లిబోక్, కోబస్ రైనాక్‌ల వేగంతోనే ఎదుర్కొని, ఆట బిగిసే వేళకు పొలార్డ్, ఫాఫ్ డి క్లెర్క్, విల్లీ లె రూ అనే ముగ్గురు ముదుర్లను దించాలన్నది ఎత్తు. అంతకుముందు దాకా బాంబు ఫార్వర్డ్‌లలో ఉంది, ఈసారి బ్యాక్‌లలో ఉంది. ఆ మ్యాచ్‌లోనే డామియన్ విల్లెమ్స్ తన సొంత 22 మీటర్ల గీత లోపల ఫ్రాన్స్ కిక్‌ను గాల్లోనే పట్టుకుని మార్క్ అడిగాడు. అలా పట్టినవాడికి ఫ్రీకిక్ దక్కుతుంది. అందరూ బంతిని దూరంగా తన్నేసి గండం గట్టెక్కుతారు. విల్లెమ్స్ స్క్రమ్ కావాలని చేత్తో సైగ చేశాడు. సొంత సగంలో అంత లోపల స్క్రమ్ కోరడమంటే, మా ఎనిమిది మంది మీ ఎనిమిది మందిని అలసగొడతారు, కాచుకోండి అని చెప్పడమే. అభిమానులు ఈ రోజుకీ ఆ సైగ గురించి మాట్లాడుకుంటారు. ఆ తర్వాతి ఏడాది ఫ్రీకిక్‌కు బదులు స్క్రమ్ కోరుకునే వీలును నిబంధనల నుంచి తీసేశారు. ఫ్రాన్స్ మీద గెలుపు 29-28. ఫ్రాన్స్ ట్రై చేశాక, అంటే బంతిని గోల్‌గీత అవతల నేలకు ఆనించాక, అదనంగా తన్నిన ఒక కన్వర్షన్‌ను దక్షిణాఫ్రికా ఆటగాడు చెస్లిన్ కోల్బీ పరుగున ఎదురొచ్చి ఆపేశాడు. దాని విలువ రెండు పాయింట్లు.

సెమీస్‌లో ఇంగ్లాండ్ మీద అదే 23 మంది. వానలో ఆట కాళ్లకు చుట్టుకుంది. 31వ నిమిషంలోనే లిబోక్‌ను తీసి పొలార్డ్‌ను దించారు. తొలి సగం పూర్తి కాకుండానే ఫ్లైహాఫ్‌ను మార్చడం ఆ కుర్రాడికి ఎంత బాధో చెప్పనక్కర్లేదు, అయినా చేశారు. ఇంగ్లాండ్ 15-6తో ముందుంది. బెంచీ మీద నుంచి వచ్చిన ఆర్.జి. స్నైమన్ 69వ నిమిషంలో ట్రై చేశాడు. పొలార్డ్ కన్వర్షన్‌తో 15-13. ఆట ముగియబోతుండగా ఒక స్క్రమ్. బెంచీ మీద నుంచే వచ్చిన ఆక్స్ న్చే ఎడమ కొసన ఉన్నాడు. అతని ఎదుట కైల్ సింక్లర్, నాలుగేళ్ల కిందట ఫైనల్లో మూడో నిమిషంలో వెళ్లిపోయినవాడే. దక్షిణాఫ్రికా ఫార్వర్డ్‌లు నెట్టారు, ఇంగ్లాండ్ స్క్రమ్ చెదిరింది, రిఫరీ చెయ్యి దక్షిణాఫ్రికా వైపు లేచింది. దాదాపు 50 మీటర్ల నుంచి పొలార్డ్ తన్నాడు. 16-15. ఆ ఒక్క క్షణంలో మూడు ఎంపికలు కలిశాయి: పిలవాల్సిన పని లేదనుకున్న కిక్కర్, ఆలస్యంగా దించిన ప్రాప్, ట్రై చేసిన స్నైమన్. ముగ్గురూ ఆట మొదలైనప్పుడు బెంచీ మీద ఉన్నవాళ్లే.

అక్టోబరు 28, ఫైనల్, ఎదురుగా న్యూజిలాండ్. మళ్లీ ఏడు-ఒకటి. డియోన్ ఫూరీ, ఆక్స్ న్చే, ట్రెవర్ న్యాకానె, జాన్ క్లేన్, స్నైమన్, క్వాగ్గా స్మిత్, యాస్పర్ వీసె, చివర్లో ఒకే ఒక్క బ్యాక్ లె రూ. ఈ వరసను నేను ఒక మంచి కట్టడం నక్షాను చూసినంత శ్రద్ధగా చదివాను. ఐర్లాండ్ మీద ఆ ఒక్క బ్యాక్ స్క్రమ్‌హాఫ్ రైనాక్. ఇక్కడ ఫుల్‌బ్యాక్. అంటే స్క్రమ్‌హాఫ్ డి క్లెర్క్‌కు బెంచీలో మారుమనిషి లేడు, 80 నిమిషాలూ అతనే ఆడాలి, ఆడాడు. ఇద్దరు బ్యాక్‌లు గాయపడితే? క్వాగ్గా స్మిత్ ఉన్నాడు. అతను ఏడుగురి రగ్బీలో 2016 రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టువాడు. పేరుకు ఫార్వర్డ్, పరుగులో బ్యాక్. ఏడో ఫార్వర్డ్‌ను కూర్చోబెట్టే ధైర్యం అలాంటి మనిషి ఉన్నందువల్ల వచ్చింది. లెక్కను కాపీ కొట్టడం సులువు. క్వాగ్గా స్మిత్‌ను తయారు చేసుకోవడం సులువు కాదు.

అసలు పరీక్ష మూడో నిమిషానికే వచ్చిపడింది. ఎంబొనాంబి మోకాలికి దెబ్బ. రెండు ఫైనళ్లలోనూ తొలి సగంలోనే బయటికి పోయిన హుకర్ అతనే. 2019లో అతని చోటికి వచ్చింది మార్క్స్. ఇప్పుడు మార్క్స్ లేడు. వచ్చింది డియోన్ ఫూరీ, వయసు 37. కుర్రతనంలో హుకర్, ఆ తర్వాత ఏళ్ల తరబడి స్క్రమ్ పక్క అంచున ఆడే ఫ్లాంకర్. 35 ఏళ్లు దాటాక 2022లో దేశానికి మొదటి టెస్టు ఆడాడు. అంతటి ఆలస్యపు ఎంపిక అప్పుడు ఎందుకో ఎవరికీ తోచలేదు. అతని వెనక ఇంకో హుకర్ లేడు. అంటే ఇంచుమించు ఆట మొత్తం అతనే మోయాలి. లైనవుట్‌లో అతని త్రోలు తడబడ్డాయి, న్యూజిలాండ్ కొన్నిటిని కాజేసింది. ఆ బలహీనత నిజమే, దాచుకోవాల్సిన పని లేదు. కానీ స్క్రమ్ నిలబడింది. ట్యాకిల్‌లో అతను ఫ్లాంకర్‌లాగే పని చేశాడు. పొలార్డ్ నాలుగు పెనాల్టీలు కొట్టాడు, 12 పాయింట్లు, నాలుగూ తొలి సగంలోనే. రెండో సగంలో దక్షిణాఫ్రికా ఒక్క పాయింటూ చెయ్యలేదు. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ రెడ్ కార్డ్‌తో పోయినా, ఆ జట్టు పద్నాలుగు మందితో విరుచుకుపడుతూనే ఉంది. పీటర్-స్టెఫ్ డు టాయ్ట్ ఒక్కడే 28 ట్యాకిల్స్ చేశాడు. ఆఖర్లో కోల్బీ పసుపు కార్డ్‌తో బయట కూర్చుంటే, బ్రేక్‌డౌన్‌లో, అంటే కిందపడినవాడి దగ్గర బంతి కోసం జరిగే పెనుగులాటలో, వంగి బంతి లాక్కున్నది క్వాగ్గా స్మిత్. 12-11. మూడు నాకౌట్ మ్యాచ్‌లు, మూడూ ఒక్కో పాయింటుతో.

ఒక్కో పాయింటుతో గెలిస్తే అదృష్టం అంటారు. న్యూజిలాండ్ ఆటగాడు జోర్డీ బారెట్ ఆఖర్లో తన్నిన పెనాల్టీ పక్కకు పోకపోతే కథ వేరే. అది నిజం. అయినా ఆ ఒక్క పాయింటు అందే దూరంలో జట్టును మూడుసార్లు నిలబెట్టింది ఎంపికే అని నా నమ్మకం. ఇంకో అభ్యంతరం బరువైనది. బెంచీ పుట్టింది గాయాల కోసం, అలసిన శరీరాల మీదికి ఏడుగురు తాజా బలశాలుల్ని వదలడం ప్రమాదమని మాజీ కోచ్‌లు కొందరు గట్టిగానే అన్నారు. భద్రత గురించిన ఆ ఆందోళనను తోసిపుచ్చలేం, నిబంధనలు చేసేవాళ్లు దాన్ని చూడాలి. అన్యాయం అన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఎదుటి జట్టుకూ అవే ఎనిమిది చోట్లు. బ్యాక్‌లు గాయపడితే కూలిపోయే ప్రమాదాన్ని దక్షిణాఫ్రికా తన నెత్తిన పెట్టుకునే ఆ పని చేసింది.

ఆ ప్రమాదం ఎలా ఉంటుందో 2025 మార్చి 8న డబ్లిన్‌లో ఫ్రాన్స్ చవిచూసింది. ఏడు-ఒకటితో దిగింది. తొలి సగంలోనే స్క్రమ్‌హాఫ్ ఆంట్వాన్ డూపాంట్ మోకాలు పోయింది. బెంచీలోని ఒకే బ్యాక్ మాక్సిమ్ లూకు లోపలికి వచ్చాడు. ఆ తర్వాత సెంటర్‌లో ఆడుతున్న బారాసీ కూడా బయటికి పోవడంతో ఫ్లాంకర్ ఆస్కార్ జెగూ సెంటర్‌లో ఆడాల్సి వచ్చింది. అయినా ఐర్లాండ్‌ను 42-27తో ఓడించి, వారం తర్వాత సిక్స్ నేషన్స్ టైటిల్ కూడా కొట్టింది. జెగూ ఆ చోట బిత్తరపోకుండా ఆడాడు కాబట్టే ఆ మ్యాచ్ నిలబడింది. ఎరాస్మస్ ఈలోగా ఇంకో మెట్టు ఎక్కాడు. సెంటర్ ఆండ్రే ఎస్టర్‌హైజన్‌ను ఫార్వర్డ్‌గానూ తర్ఫీదు ఇచ్చి, ఒకే మనిషితో రెండు చోట్లు కాచుకోవడం మొదలుపెట్టాడు. 2025 సెప్టెంబరులో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్‌ను 43-10తో ఓడించింది ఇలాంటి ఏర్పాట్లతో ఎదిగిన జట్టే.

తర్వాతి ప్రపంచకప్ 2027 అక్టోబరు 1 నుంచి నవంబరు 13 వరకు ఆస్ట్రేలియాలో. జట్లు 24, గ్రూపులు ఆరు, క్వార్టర్స్‌కు ముందు కొత్తగా పదహారు జట్ల నాకౌట్ రౌండ్. విజేత ఆడే మ్యాచ్‌లు మునుపటిలాగే ఏడు, కానీ వాటిలో చావోరేవో తేలేవి మూడు కాదు, నాలుగు. డ్రాను కూడా ఈసారి మూడేళ్ల ముందు కాక 2025 డిసెంబరులో తీశారు, అభిమానుల గోడు కొంత ఫలించినట్టే. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్, అడిలైడ్‌లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆ ఊళ్లన్నిటిలోనూ మ్యాచ్‌లు ఉంటాయి. టికెట్ దొరికితే వెళ్లండి. స్టేడియానికి బయల్దేరే ముందు జట్టు జాబితాలో 16 నుంచి 23 నంబరు దాకా ఉన్న పేర్లు ఒకసారి చదివి, ఎవరు ఏ నిమిషంలో వస్తారో మీరే అంచనా వేసుకుని కూర్చోండి.